రెండుగా కనిపించిన సెకండ్ల ముల్లు

అందరూ ఆయన్ని అరనిమిషం అనే పిలిచేవారు. గడియారం బాగుచేయమని ఇస్తే "అరనిమిషం కూర్చోండి" అనేవాడు, గంట కూర్చోబెట్టేవాడు. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. కుడికంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజలో సగం కూడా లేని స్క్రూను దాని చోట కూర్చోబెడుతుంటే చూడటానికి రెండు కళ్ళు చాలవు. నలభై ఏళ్ళు ఆ కుడికన్నే ఇల్లు నడిపింది.

ఆ ఏడు వచ్చిన వైరస్ జ్వరం ఆయన్ని పదిహేను రోజులు ఆసుపత్రిలో పడేసింది. ఊపిరి నిలబెట్టడానికి ఇచ్చిన మందులతో, అసలే ఉన్న షుగరు చుక్కలనంటింది. ఇంటికొచ్చిన వారానికే, భార్య వద్దు మొర్రో అంటున్నా వినకుండా పనిబల్ల ముందు చేరాడు. ఒక రిటైరైన టీచరమ్మ చేతిగడియారం ఎప్పటినుంచో అక్కడే ఉంది.

దాన్ని బాగుచేసి అరచేతిలో పెట్టుకుంటే సెకండ్ల ముళ్ళు రెండు కనిపించాయి. భూతద్దం పెట్టుకుని చూస్తే ఒకటే. భూతద్దం తీస్తే మళ్ళీ రెండు! మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు బిగించాడు. బుగ్గ మొద్దుబారినా, ముక్కులోంచి నల్లటి పక్కులు రాలుతున్నా పట్టించుకోలేదు. తప్పు గడియారానిదే అనుకున్నాడు పిచ్చిమారాజు.

మందుబిళ్ళలు తెచ్చిన భార్య "రెండు ముళ్ళేంటి?" అన్న ఆయన గొణుగుడు విన్నది. ఉబ్బిన కుడిరెప్ప చూసి, అరచేత్తో ఆ కన్ను మూసింది.

"ఇప్పుడెన్ని?"

"ఒకటే."

"చెయ్యి తీశాను. ఇప్పుడో?"

"రెండు."

"రోగం గడియారానిది కాదండీ. లేవండి."

"అరనిమిషం ఆగవే, ఇది బిగించేసి..."

"లేస్తారా, లేదా?"

ఆవిడ పెద్ద చదువులేమీ చదవలేదు. ఆ పూట ఆవిడ చేసిన పరీక్షే ప్రాణం కాపాడిందని డాక్టరే అన్నాడు. ముక్కు పక్క ఎముకల గూళ్ళలో చేరిన ఫంగస్ కంటిదాకా పాకింది. మెదడులోకి పోకముందే ఆ కన్ను తీసేయాలన్నాడు.

"ఎడమది తీసుకోండి డాక్టరుగారూ, కుడిది నా పనిది," అని బేరమాడాడు అరనిమిషం. కుడికన్నే తీయాల్సి వచ్చింది.

వారాల తరబడి సూదిమందులు ఎక్కించుకుని, ప్రాణంతో ఇంటికొచ్చాడు. కానీ ఒంటికంటికి దూరం అంచనా అందలేదు. గ్లాసులో పోయబోయిన నీళ్ళు బల్లమీద పోశాడు. భూతద్దం ఎడమకంటి దగ్గర నిలవలేదు. "ఇంక నేను పనికిరాను," అని ఒక్కసారే అన్నాడు. భార్య ఒక పళ్ళెంలో ఆవాలు పోసి, పక్కన ఖాళీ పళ్ళెం, ఆయన చిన్న పట్టకారు పెట్టింది. నాలుగు నెలలు ఒక్కో గింజనూ ఇటునుంచి అటు మార్చాడు, కిందపడ్డవి ఏరుకుని మళ్ళీ మార్చాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

తర్వాత టీచరమ్మ గడియారం విప్పాడు. ఆ రోజు మూడుసార్లు విప్పడంలో లోపలి స్ప్రింగును తనే వంచేశాడని అప్పుడు తెలిసింది. దాచకుండా టీచరమ్మకు చెప్పాడు.

"పాడుచేసింది మీరే కదా, మీరే బాగుచేయండి. నాకేం తొందర లేదు," అందామె. ఇంకొకరి దగ్గరికి తీసుకుపోలేదు.

బాగైన రోజు భార్య దాన్ని ఆయన ముందు పట్టుకుంది. "ఎన్ని?"

"అరనిమిషం ఆగు."

ఈసారి నిజంగానే అరనిమిషం. ముల్లు పన్నెండు నుంచి ఆరు దాకా వచ్చేవరకు ఎడమకంటితో చూశాడు.

"ఒకటే. ఇంక ఈ జన్మలో రెండు కనిపించవులే!"

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

"ఏడుపెందుకే? నడుస్తోందని టీచరమ్మకు కబురుపెట్టు."