వాగులో సర్కారు బావి

పొద్దుటినుంచి నల్లా గాలి వదులుతూనే ఉంది. బిందె పెట్టుకుని దాని ముందు కూర్చుంటే, నల్లాకు దగ్గు పట్టుకుందని మనవరాలు నవ్వుతోంది. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. ఒకప్పుడు ఈ కామారెడ్డికి మంచినీళ్ల చోటు చూపించింది నేనే. ఆ మాట చెబితే ఇంట్లో ఎవరూ నమ్మరు.

నేను ఎల్లారెడ్డి నుంచి కోడలిగా వచ్చిన కొత్త. మా ఇల్లు ఊరవతల, వాగు ఒడ్డున ఉండేది. ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో మూరెడు లోతు చెలిమె తోడి, మొదట ఊరిన నీళ్లు పారబోసి, తేటపడ్డాక చెంబుతో బిందెలోకి ఎత్తుకునేవాళ్లం. మా మామ సర్కారులో ఓవర్సీరు. వాగులో బావి తవ్వించి, ఇంజను పెట్టి, బస్తీకి గొట్టాలతో నీళ్లు పంపే పని ఆయన చేతికి వచ్చింది. గొట్టం ఖర్చు కలిసొస్తుందని వాగులో బాట పక్కనే బావికి గుర్తు పెట్టించాడు. అక్కడి నీళ్లు ఉప్పన. వాగుకు పోయే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆయన జన్మలో బిందె ఎత్తిన మనిషి కాదు, ఎట్లా తెలుస్తుంది?

చెబుదామంటే కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదాయె. తలుపు చాటునుంచి నేను అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. "అత్తా, ఆడ నీళ్లు ఉప్పగుంటయని మామకు చెప్పుండ్రి" అంటే, "సర్కారు బావి ముచ్చట నీకెందుకే? పొయ్యి సూడు" అనేది. రోజూ ఇదే వరస. ఆయనేమో అన్నం ముందు కూర్చుని, "పెద్దదొర వచ్చి నీళ్లు తాగి సూస్తడు. బాగ లేకుంటే నా నౌకరి పోతది" అని దిగులుపడేవాడు. అయినా అత్త నోరు మెదిపేది కాదు. చివరికి నాకు ఓపిక చచ్చిపోయింది. "మామా, ఆడ ఉప్పునీళ్లు. మా చెలిమె కాడ తవ్వుండ్రి" అనేశాను. అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. మామ నావైపు చూడలేదు. "రెండు చోట్లకెళ్లి రెండు చెంబులు తెమ్మను" అన్నాడు, అత్తతోనే.

రెండూ తాగి చూశాడు. మరునాడే బావి గుర్తు మా చెలిమె పక్కకు జరిగింది. దొర మెచ్చుకున్నాడు, నౌకరి నిలిచింది, బస్తీలో నల్లాలు పారాయి. మా ఇల్లు బస్తీ హద్దులో లేదు కనుక మాకు గొట్టం రాలేదు. ఇంజను నీళ్లు లాగుతుంటే మా చెలిమె మాత్రం ఎండింది. నడుములోతు తవ్వినా తడి ఇసుకే. నా నోరు పడిపోనూ అని నన్ను నేనే తిట్టుకుంటూ, వాగు పైకి మైలు నడిచి నీళ్లు మోసేదాన్ని.

ఒక మధ్యాహ్నం బిందెతో వస్తుంటే బావి దగ్గర మామ ఎదురుపడ్డాడు. మొదటిసారి నా ముఖం చూసి, "బిడ్డా, నీళ్లు ఏడికెళ్లి తెస్తున్నవ్?" అని అడిగాడు. అలవాటు కొద్దీ అత్త కోసం చుట్టూ చూశాను. లేదు. ఒకసారి విప్పిన నోరు ఆ రోజు పెగల్లేదు. పక్కనే ఎండిన మా చెలిమె చూసి, ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. ఇన్నేళ్లకు, ఈ ఎండిన నల్లా ముందు, జవాబు నోటిదాకా వచ్చింది; అడిగిన మనిషి లేడు.