అవ్వ కట్టుకున్న దవడకట్టు

నా చిన్నప్పుడు, డెబ్బైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళు ఉండగా ఎడమ దవడ కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. ఎమ్మిగనూరులో పసర్లూ పట్లూ అన్నీ అయ్యాక మా నాన్న ఆదోని తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. డాక్టరు కోసినచోట మందంగా దూది పెట్టి, గదవ కింద నుంచి నడినెత్తి దాకా గుడ్డపట్టీ బిగించి చుట్టాడు. మర్నాడు ఇంటికి పంపిస్తూ, రెండు రోజులు విప్పొద్దని, బిగువు తగ్గితే లోపలి ఖాళీలో రక్తం చేరి ఊపిరికి అడ్డం పడుతుందని గట్టిగా చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పాలని మా నాన్నకు తోచలేదు. నన్ను దించి, నేరుగా మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

మా అవ్వ నన్ను చూసి నిలువునా వణికిపోయింది. మా వైపు దవడకు అలా గుడ్డ కట్టేది ప్రాణం పోయినవాళ్ళకే, నోరు తెరుచుకోకుండా.

"సచ్చినోళ్ళకు కట్టినట్ల కట్టినారే నా బిడ్డకు!" అంటూ గడపలోనే కూర్చోబెట్టి పట్టీ అంతా విప్పేసింది. నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉంది.

ఆ హాయి అరగంట. మజ్జిగ ఇస్తే గుటక దిగలేదు. తడిమి చూసుకుంటే గడ్డ తీసినచోట అంతకంటే పెద్దది గట్టిగా ఉబ్బి ఉంది, దూదంతా ఎర్రగా తడిసింది. అవ్వ కేకకు మా నాన్న పరుగెత్తుకొచ్చి నన్ను భుజాన వేసుకున్నాడు.

"గుడ్డ మడిసి అదిమి పట్టుకోమ్మా, సెయ్యి ఎత్తొద్దు!" అన్నాడు అవ్వతో.

ఆదోని బస్సు ఆ రోజు ప్రతి ఊరి దగ్గరా ఆగింది. నాకు ఊపిరి గురగురమంటూ వస్తోంది. అవ్వ మంత్రాలయం స్వామికి మొక్కుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. కానీ దారి పొడుగునా నా దవడ మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.

డాక్టరు కుట్టు విప్పి, గడ్డకట్టిన రక్తం తీసి, అందరినీ తిట్టాడు. అంతవరకూ ఓర్చుకున్నాను. కట్టడానికి మళ్ళీ ఆ గుడ్డపట్టీ చేతికి తీసుకునేసరికి నాకు పిచ్చెత్తినట్లయింది. అది చచ్చినవాళ్ళకు కట్టేదని అవ్వే చెప్పింది కదా! కడితే చచ్చిపోతానని తల విదిలించాను. ఇద్దరు పట్టుకున్నా ఆగలేదు. పెనుగులాడేకొద్దీ రక్తం ఉబుకుతోంది.

అప్పుడు అవ్వ తన కోక చెంగు పర్రున చించింది. గదవ కింద నుంచి నెత్తి మీదికి తీసుకుని తనే బిగించి ముడి వేసుకుంది. అంతగా భయపడిన మనిషి!

"సూడు పాపా, నేనూ కట్టుకున్నాను. నేనేమన్నా సచ్చినానా?" అంది, పళ్ళ సందునుంచి.

నేను కదలడం మానేశాను. డాక్టరు చుట్టడం పూర్తి చేసి, పట్టీ అంచు కింద ఒక వేలు దూర్చి చూశాడు. ఒక వేలు పట్టాలి, రెండు పట్టకూడదు అన్నాడు. అవ్వ నా వేలు తీసుకుని తన గుడ్డ కింద దూర్చింది. ఆమె చెంప వెచ్చగా, కన్నీళ్ళతో తడిగా ఉంది.

ఆ గుడ్డ ఆమె రెండు రోజులూ విప్పలేదు. కొళాయి దగ్గరికీ అలాగే పోయింది. జనం నోరెళ్ళబెట్టి చూస్తే, నన్నడుగుతారేందని కళ్ళతోనే కసిరింది. నాతోపాటే గంజి తాగింది. ఇప్పటికీ నా మనవలు దేనికైనా భయపడితే, భయం లేదని చెప్పడం నాకు చేతకాదు. ముందు నేను చేసి చూపించి పక్కన కూర్చుంటాను.

చాలా ఏళ్ళకు అవ్వ పోయింది. దవడకు గుడ్డ కట్టాల్సివస్తే నేనే కడతానన్నాను. ముడి వేశాక అంచు కింద వేలు దూర్చి చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకెందుకమ్మా అన్నారు. చెంప చల్లగా ఉంది. అయినా ముడి విప్పి, ఒక వేలు పట్టేంత వదులు చేసి మళ్ళీ కట్టాను.