చిక్కం కట్టిన ఆదివారం

ఆరాధన చివర పాస్టరయ్య ఎప్పటిలాగే ప్రార్థన మనవులు అడిగారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన చర్చిలో లేచి నోరు విప్పడం అదే మొదలు.

"మా గుర్రం పిల్లకు పొద్దుగాల్నుంచి కడుపు పారుతాంది అయ్యగారూ. తొమ్మిది దినాల పిల్ల. జర ప్రార్థన చెయ్యున్రి" అన్నాడు.

ఆడవాళ్లలో నలుగురైదుగురు వెనక్కి తిరిగి నన్ను చూశారు. అందరితో పాటు నేనూ తల వంచి కళ్లు మూసుకున్నాను గానీ ప్రార్థన మాత్రం చేయలేదు. నా కడుపు మండిపోతోంది.

చెప్పుకోవడానికి సిగ్గే. నాకు ఆ పిల్ల మీద అసూయ. దాని తల్లి మీదైతే పాత అసూయ. బీదర్ పెళ్లిళ్లలో బరాత్‌కు పెళ్లికొడుకులు ఎక్కే తెల్లగుర్రం అది. నేను మన్నళ్ళికి కాపురానికి వచ్చిన మరుసటేడు మా ఆయన దాన్ని కొన్నాడు. నేను దాన్ని ఆయన ఎదురుగానే సవతి అని పిలుస్తాను. ఆయన తమాషా అనుకుని నవ్వుతాడు. రోజూ సాయంత్రం దాని తోక చిక్కు తీసి దువ్వుతాడు. నేను తల దువ్వుకున్నానో లేదో మాత్రం ఆయనకు తెలియదు.

లేక లేక అది ఈనితే పిల్ల నల్లగా పుట్టింది. ఇదేందని అడిగిన ప్రతివాళ్లకీ "తెల్లగుర్రాల పిల్లలు నల్లగనే పుడ్తయి, పెరిగినకొద్ది తెల్లగైతయి" అని ఓపికగా చెప్పాడు. నా కూతురు నల్లగా పుట్టినప్పుడు ఆ ఇంట్లో ఆ ఓపిక ఎవరికీ లేకపోయింది. కాకి పిల్ల కాకికి ముద్దని నేనే ఎత్తుకుని తిరిగాను.

ఆ ఆదివారం పొద్దున విరేచనాలతో పిల్ల తోక కింద ఒరుసుకుపోతోందని గోరువెచ్చని నీళ్లతో కడిగాడు. మెత్తటి గుడ్డతో అద్ది కొబ్బరినూనె రాశాడు. ఇంత మెత్తని చేతులు ఈ మనిషికి ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

చర్చి నుంచి రాగానే చిట్గుప్పలో ఉన్న వాళ్ల మామకు ఫోన్ చేశాడు. ఆ మామ వయసులో ఉన్నప్పుడు టాంగా తోలాడు కనుక గుర్రాల సంగతిలో ఆయన మాటే మా ఇంట్లో వేదవాక్కు.

"తల్లి ఎదకొచ్చిందిరా. పాలల్ల వేడి దిగుతది. పిల్ల మూతికి చిక్కం కట్టి పాలు బంద్ చెయ్. నా తాన చెట్టు వేరు మందున్నది, వచ్చి తీస్కపో" అన్నాడు మామ.

దున్నేటప్పుడు ఎద్దులు పైరు మేయకుండా మూతికి కట్టే తాళ్లబుట్ట ఒకటి కొట్టంలో ఉంది. మా ఆయన దాన్ని ముడులేసి చిన్నది చేసి పిల్ల మూతికి కట్టాడు. అప్పుడు పదకొండయింది. "నేనొచ్చేదాక తాగనియ్యకు" అని నాకు అప్పజెప్పి బండి తీశాడు.

అది తప్పని నాకు తెలుసు. నా కూతురికి తొమ్మిదో నెలలో ఇలాగే మూడు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు ఎండబెడితే ఆగుతుందని మా అత్త నన్ను పాలివ్వనీయలేదు. రొమ్ములు గడ్డకట్టి, రవికె తడిసి, ఏడ్చే బిడ్డను పట్టుకుని దవాఖానకు పోతే నర్సమ్మ నన్నూ అత్తనూ ఇద్దరినీ తిట్టింది. "పారినకొద్ది తాగిపియ్యాలె. పాలు ఆపితే బిడ్డ ఎండిపోదా?" అంది. ఆ మూడు రోజులూ మా ఆయన పెళ్లిళ్ల సీజన్ అని గుర్రంతో ఊళ్లు తిరుగుతున్నాడు. మూడో రోజు వచ్చి, ముందు గుర్రానికి నీళ్లు పెట్టి, తర్వాత ఇంట్లోకి వచ్చాడు.

అదంతా ఆయనకు ఒక్క ముక్కలో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. కందిపప్పు చేటలో పోసుకుని కొట్టం ఎదురుగా కూర్చున్నాను. బిడ్డ కళ్లముందు వాడిపోతుంటే ఎలా ఉంటుందో ఈయనకూ ఒకసారి తెలియనీ అనుకున్నాను.

పిల్ల మాటిమాటికీ తల్లి పొదుగులో మూతి పెట్టి పొడిచేది. చిక్కం అడ్డం వచ్చేది. పాలు కారి నేల మీద పడుతున్నాయి. నా కూతురు చూసి "అమ్మా, పాలన్ని మన్నుల పోతున్నయ్" అంది.

"మీ నాయిన వద్దన్నడు" అన్నాను, ఎన్నడూ మొగుడి మాట దాటని ఇల్లాలిలా.

మూడింటికి చూస్తే పిల్ల పడుకుని ఉంది. నేను దగ్గరికి పోయినా తల ఎత్తలేదు. కళ్లు లోపలికి పోయాయి. నర్సమ్మ నా బిడ్డ పొట్ట మీద చూపించినట్టు మెడ మీద తోలు పట్టి వదిలితే, అది పైకి లేచి అలాగే ఉండిపోయింది. చిక్కం తెంపి అవతల పారేశాను. పిల్లను లేపి పొదుగు దగ్గర నిలబెట్టబోతే సవతి నా భుజం కొరికింది. పిల్లకు నోట పట్టే సత్తువ లేదు. పాలు దోసిట్లోకి పిండి కొంచెం కొంచెంగా నాలుక మీద రాశాను. చాలాసేపటికి నాలుక కదిలింది. కూతురితో ఫోన్ చేయించి "వేరు మందు వద్దు, డాక్టర్ను పట్కరా" అని ఆయనకు చెప్పాను.

అయిదింటికి బీదర్ నుంచి పశువుల డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె మెడ నరంలోకి సెలైన్ ఎక్కించింది. తల్లి మళ్లీ ఎదకొచ్చే రోజుల్లో పిల్లలకు ఇలా అవుతుందని, పాలు తాగుతూ గంతులేస్తుంటే చాలావరకు దానంతట అదే తగ్గుతుందని, పాలు మానితేనే భయపడాలని కన్నడంలో చెప్పింది. చిక్కం ఎంతసేపు ఉందని అడిగింది.

"పదకొండింటికి కట్టిన" అన్నాడాయన.

"మూడింటికి నేను తీసిన" అన్నాను.

ఇంకో గంట ఉంటే పిల్ల దక్కేది కాదని చెప్పి, రేపు వస్తానని ఆమె వెళ్లింది. పిల్ల తల ఎత్తి చూస్తోంది. ఆయన దాని పక్కనే కూర్చున్నాడు.

"తియ్యాలని నీకెట్ల ఎరుక?"

"మన బిడ్డకు గిట్లనే అయింది. నర్సమ్మ చెప్పింది."

"మరి నేను కట్టంగనే ఎందుకు చెప్పలే?"

"చెప్ప బుద్ధి కాలే" అన్నాను. "బిడ్డకు అయినప్పుడు నువ్వు మూడో దినం వచ్చినవ్. వచ్చి ముందు గుర్రానికి నీళ్లు పెట్టినవ్."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన నొసలు ముడిచి గుర్తు చేసుకోబోయాడు. కూతురి వైపు చూశాడు, బిడ్డకేదో తెలిసినట్టు.

"నాకు యాదికి లేదు" అన్నాడు.

అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే ఆయనకు యాదికి లేదు. నాకు అంతా యాదికి ఉంది. అందుకే ఆ పిల్ల నాలుగు గంటలు పాలు లేక పడి ఉంది.