పాలు పొంగించని ఇంటికి వడ్డీ మినహాయింపు

2013 జూలై. జనగామ స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం మీద ఉన్న చిన్న గది నా ఆఫీసు. ఆఫీసంటే ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, కరెంటు పోతే ఎంతోసేపు నిలవని బ్యాటరీ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. టీచర్లు, రైల్వేవాళ్ళు, భూపాలపల్లి బొగ్గుగనుల్లో పనిచేసే మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నా దగ్గర ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేయించుకునేవాళ్ళు. ఏడాదిలో ఎంత సంపాదించాం, ఎంత పన్ను కట్టాం అని సర్కారుకు చెప్పుకునే లెక్కే రిటర్ను. పదకొండు నెలలు ఈగలు తోలుకుని, జూలైలో మాత్రం అన్నం తినడానికి తీరిక లేని వృత్తి మాది.

ఆ ఏడు మరీ అన్యాయం. ఆదాయం ఐదు లక్షలు దాటినవాళ్ళంతా ఆన్‌లైన్‌లోనే వేయాలని ఎండాకాలంలో నిబంధన వచ్చింది. అంతవరకు కాగితం నింపి, కౌంటర్లో ముద్ర వేయించుకుని పోయేవాళ్ళంతా వచ్చి నా మీద పడ్డారు. నిబంధన మారితే ఫారం మారుతుంది, ఫారం మారితే సాఫ్ట్‌వేర్ మారాలి. నాకు సాఫ్ట్‌వేర్ అమ్మిన పెద్దమనిషి అప్‌డేట్ పంపేసరికి నెల సగం గడిచిపోయేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, చట్టం సరేనన్నదాన్ని కూడా ఆ డబ్బా సరేననేది కాదు. బయట చూస్తే ఉద్యమం. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో. మా క్లయింట్లు రిటర్ను సంగతి కంటే ముందు "మేడం, ఇయ్యాల బస్సులు నడుస్తున్నయా?" అని నన్నే అడిగేవాళ్ళు. నేనేమన్నా డిపో మేనేజర్నా?

అట్లాంటి ఒక మధ్యాహ్నం గుగులోతు వీరన్న, ఆయన భార్య కమల మెట్లెక్కి వచ్చారు. పెద్దవంగర దగ్గర తండా వాళ్ళది. వీరన్న భూపాలపల్లి గనిలో ఓవర్‌మన్. అంటే షిఫ్టు మొదలయ్యే ముందు గని లోపల తిరిగి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి సరిగా ఆడుతోందా చూసి, రాసి సంతకం పెట్టే మనిషి. వారమంతా గని క్వార్టర్లో ఉంటాడు, శనివారం తండాకు వస్తాడు. కమల, ఆయన తల్లి తండాలోనే ఉండి పొలం చూసుకుంటారు. ఆ తల్లిని ఆయన వాళ్ళ భాషలో 'యాడి' అంటాడు.

"చెల్లె, బడ్జెట్‌ల చెప్పిండ్రట గద, ఇల్లు గట్టినోళ్ళకు ఇంకో లక్ష ఎక్కువ మాఫీ అని. టీవీల చూసిన. గది నాకు రాయి" అన్నాడు కూర్చుంటూనే.

ఆ మాట అప్పటికి పదిమంది అడిగి ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అన్నా, గది ఈ ఏప్రిల్ తర్వాత లోను తీసుకున్నోళ్ళకు. నీ లోను ఎప్పటిది?"

"రెండువేల పది, జనవరి."

"మరి నీకెట్ల వస్తది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! టీవీల చెప్పంగనే చట్టం గాదన్నా. పార్లమెంటుల పాస్ గావాలె, గెజిట్‌ల రావాలె, ఏ తేదీసంది అమలో చూడాలె. అప్పటిదాంక అది ఉత్త మాట."

ఆయన ఈ మాటను చాలా శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధగా వినకపోయినా బాగుండేదని తర్వాత అనుకున్నాను.

కొత్త మాఫీ రాకపోయినా పాతది ఉండనే ఉంది. ఉండటానికి కట్టుకున్న ఇంటి అప్పు మీద వడ్డీని అప్పట్లో ఏడాదికి లక్షన్నర దాకా ఆదాయంలోంచి తీసేయొచ్చు. ఉద్యోగం వేరేచోట ఉండి సొంతింట్లో ఉండలేకపోయినా ఫరవాలేదు. ఆయన అంతకుముందు ఏడు గానీ, ఆ ముందు ఏడు గానీ ఈ మినహాయింపు అడగనే లేదు. ఇదేం మనిషిరా నాయనా అనుకుంటూ బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్ చూసి అంకె వేశాను. అప్పుడే వచ్చిన అప్‌డేట్‌తో ఒక కొత్త గడి తెరుచుకుంది. ఇల్లు పూర్తయిన తేదీ. అది నింపితే గానీ డబ్బా ముందుకు జరగదు.

"ఇల్లు ఎప్పుడైంది అన్నా?"

"కాలే."

"ఏం మిగిలింది? స్లాబా? ప్లాస్టరింగా?"

"అన్నీ అయినయ్. రంగులేసినం. బండలేసినం. కరెంటు మీటరొచ్చింది."

"మరింకేంది?"

"పాలు పొంగియ్యలే."

నేను కమల వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

విషయం ఇదీ. 2009 డిసెంబరులో తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటన రాగానే వీరన్న తండాలో మిఠాయిలు పంచాడు. మన రాష్ట్రం వచ్చింది, మన ఇల్లు కట్టుకుందామని ఆ ఊపులోనే లోనుకు కాగితాలు పెట్టాడు. రెండు వారాలకే ఆ ప్రకటన వెనక్కు పోయింది. లోను మాత్రం వచ్చింది. ఇల్లు 2011 ఎండాకాలానికి తయారైంది. ముహూర్తం చూసుకునేలోగా సకల జనుల సమ్మె వచ్చింది, గనులు కూడా ఆగాయి. సమ్మె శిబిరంలో నలుగురి ముందు వీరన్న లేచి, తెలంగాణ వచ్చేదాకా కొత్తింట్లో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆ ఇంటికి తాళం. పక్కనే పాత రేకుల ఇంట్లో సంసారం.

ఆ నెల నెలంతా నాకు వచ్చిన తలనొప్పులు ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఎందుకంటే చట్టంలో ఒక మెలిక ఉంది. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడేళ్ళలోపు ఇల్లు పూర్తి కావాలి. లేకపోతే లక్షన్నర కాస్తా ముప్ఫై వేలకు పడిపోతుంది, అప్పు తీరేదాకా అంతే. వీరన్నకు ఆ గడువు మొన్న మార్చితోనే అయిపోయింది. అంటే పూర్తయిందంటే పూర్తి మాఫీ, కాలేదంటే పదిహేనేళ్ళ నష్టం. అదే చెప్పాను.

"నష్టమైతే అయితది. అబద్ధం రాయ" అన్నాడు. "నేను చూసి సంతకం పెడితేనే మనుషులు గనిలకు దిగుతరు చెల్లె. కప్పు మంచిగున్నదని ఒట్టిగ రాస్తే పానాలు పోతయ్. నా చెయ్యికి గది అలవాటు లేదు."

"ఇది అబద్ధమెట్లయితది? ఇల్లు కళ్ళముందు నిలబడ్డది గద!"

"పాలు పొంగియ్యంది ఇల్లెట్లయితది?"

ఇంకెవరైనా అడిగితే ఠపీమని చెప్పేదాన్ని. ఆయన ముఖం చూస్తే మాత్రం నాకే అనుమానం పట్టుకుంది. వరంగల్‌లో నాకు పని నేర్పిన ఆడిటర్ గారికి ఫోన్ చేశాను. "కంప్లీషన్ సర్టిఫికెట్ చూడమ్మా" అన్నారాయన. తండాలో కంప్లీషన్ సర్టిఫికెట్ ఎవరిస్తారు సార్ అంటే, "అయితే గృహప్రవేశం తేదీ వెయ్యి, అందరూ అదే వేస్తారు" అని పెట్టేశారు. గృహప్రవేశమే కాలేదు కదా, అడిగినందుకు ఉన్న దారీ మూసుకుపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

అంతలో భార్యాభర్తలు వాళ్ళ భాషలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ముక్క అర్థం కాలేదు. ఆమె ఏదో గట్టిగా అంది, ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె లేచి చెప్పులేసుకుంది. గడువు నెలాఖరు దాకా ఉంది కదా, ఆలోచించుకుని రమ్మని పంపేశాను.

జూలై ముప్ఫై సాయంత్రం టీవీలో ప్రకటన వచ్చింది, తెలంగాణ ఇవ్వడానికి ఢిల్లీలో ఒప్పుకున్నారని. జనగామలో ఎవరింట్లోనూ ఎవరూ లేరు, అందరూ వీధుల్లోనే. డప్పులు, రంగులు, పటాకులు. మందుల దుకాణం సేటు నా నోట్లో లడ్డూ కుక్కాడు. నేనూ ఏడ్చాను, నవ్వాను. ఆ సందట్లోనే హఠాత్తుగా వీరన్న గుర్తొచ్చాడు. ఇంకేం, చిక్కు విడిపోయింది! సందులోకి పోయి ఫోన్ చేశాను.

"అన్నా, వచ్చింది! టీవీ చూసినవా? రేపు వచ్చి సంతకం పెట్టు, ఎల్లుండి పాలు పొంగియ్యి!"

అటువైపు కూడా పటాకులు వినబడుతున్నాయి. ఆయన గొంతులో మాత్రం ఏ సందడీ లేదు. "వచ్చిందంటవా చెల్లె? టీవీల చెప్పంగనే చట్టం గాదన్నవు గద. పార్లమెంటుల పాస్ గావాలె, గెజిట్‌ల రావాలె అన్నవు. నువ్వన్నది నిజమే. రెండువేల తొమ్మిదిల గట్లనే చెప్పి, గట్లనే ఎనుకకు తీస్కున్నరు. నేను ఆగుత."

నా నాలుకను నేనే కరుచుకున్నాను. వృత్తిలో ఎంతమందికి ఎన్ని సలహాలిచ్చానో, పాటించినవాళ్ళు తక్కువ. ఈయనొక్కడు దొరికాడు, పాటించడానికి.

మర్నాడు చివరి తేదీ. నెట్ ఎద్దుబండి కంటే నెమ్మది. గది నిండా జనం. మధ్యాహ్నం దాటాక వీరన్న, కమల వచ్చారు. వాళ్ళ వెనక ఒక ముసలామె, మెట్టు మెట్టుకూ ఆగుతూ. యాడిని కమలే పట్టుబట్టి తెచ్చిందని ముగ్గురి ముఖాలు చూస్తేనే తెలిసింది. టీచరమ్మ ఒకామె లేచి ఆమెకు కుర్చీ ఇచ్చింది.

"ఏం ఎయ్యమంటవ్ అన్నా? నాకు టైం లేదు" అన్నాను.

"కాలే అని ఎయ్యి. ముప్ఫై వేలే రానియ్యి."

కమల నా బల్ల మీదికి వంగింది. "అక్కా, ఆయనను అడగకు. మా అత్తనడుగు."

ఏదో ఒకటి తేలితే చాలనిపించింది. "అవ్వా, మీ ఇల్లు అయిందా, కాలేదా? సర్కారు అడుగుతున్నది."

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "ఏ ఇల్లు? నేను పండుకునే ఇల్లా?" అంది.

వీరన్న తల తిప్పి చూశాడు.

"పోయినేడు గాలివానకు రేకులు లేచిపోయినయ్ గద బిడ్డా. చలిజ్వరమొచ్చింది నాకు. కోడలు తాళం తీసింది. ఊకె ఎట్ల పోతమని పాలు పొంగిచ్చినం. గప్పటిసంది గా ఇంట్లనే పండుకుంటున్న. మంచిగున్నది. బండలు సల్లగున్నయ్."

"నువ్వొచ్చే శనారం బయట మంచాలేసుకుంటం" అంది కమల, భర్త వైపు చూడకుండా. "తండ మొత్తానికి ఎరుకే. నీకొక్కనికే తెల్వదు."

వీరన్న నల్లటి ముఖం ఇంకా నల్లబడింది. కోపమో, సిగ్గో నాకు అంతుపట్టలేదు. ఆయనకూ పట్టినట్టు లేదు. "నేను ఒట్టు పెట్టుకున్న గద యాడీ..." అన్నాడు, ఈసారి అందరికీ తెలిసేట్టు తెలుగులోనే.

"నువ్వు పెట్టుకున్నవ్. నేను పెట్టుకున్ననా?"

"నాకెందుకు చెప్పలేదు మరి?"

ముసలామె కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "శనారం వస్తవు. వాకిట్ల కూసుంటవు. మీటింగుల ముచ్చట చెప్తవు, పోతవు. యాడి ఎక్కడ పండుకుంటున్నది, తిన్నదా, జరమొచ్చిందా అని ఒక్కనాడన్న అడిగినవా? ఇయ్యాల సర్కారు అడిగింది. చెప్పిన."

వీరన్న బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. గని కప్పు ఎక్కడ బీటలిచ్చిందో చేత్తో తట్టి చెప్పగల మనిషి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి నేను కీబోర్డు వైపు తల దించుకున్నాను. నా తల్లి రాత్రి ఏం తిన్నదో నేనూ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"రెండువేల పదకొండు, మే" అన్నాడు కళ్ళు తుడుచుకుని. "మీటరు బిగిచ్చిన్నాడే ఇల్లయింది. గది ఎయ్యి."

వేశాను. లక్షన్నర నిలబడింది. వెబ్‌సైటు రెండుసార్లు నన్ను బయటికి తోసి, మూడోసారి రిటర్ను తీసుకుంది. రసీదు చేతికిస్తుంటే ఆయన మెల్లగా అడిగాడు, "చెల్లె, నా ఒట్టు ఉన్నట్టా, పోయినట్టా?"

"నాకు తెల్వదన్నా" అన్నాను. నిజంగానే తెలియదు. వాళ్ళు బస్సెక్కాక, గడువు ఐదు రోజులు పెంచారని కబురొచ్చింది. నెత్తి కొట్టుకున్నాను.

ఆగస్టులో కమల ఫోన్ చేసి, ఆయన ఒట్టు విడవలేదని, శనివారాలు కొత్తింటి వరండాలో పడుకుంటున్నాడని చెప్పింది. రాత్రి గుమ్మంలో కూర్చుని, లోపలున్న తల్లితో నిద్రపట్టేదాకా మాట్లాడతాడట. ఆమె కాసేపు విని, "దోమలొస్తున్నయ్, లోపలికొస్తే రా, లేకుంటే తలుపెయ్యనీ" అంటుందట. చెబుతూ కమల నవ్వింది.

ఇల్లు పూర్తికావడం వేరు, యజమాని అందులో చేరడం వేరని ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. వీరన్న కేసు నాకు నేర్పింది మాత్రం అదొక్కటే కాదు. హోమ్ లోను కాగితాలతో ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఆయన చెప్పింది రాసుకున్నాక పక్కనున్న అమ్మ వైపో, భార్య వైపో తిరిగి, "ఇంట్లో ఎట్లుంది మీకు?" అని అడుగుతాను. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. వాళ్ళు చెప్పే జవాబులతో నా పని చాలాసార్లు చిక్కుల్లో పడుతుంది, ఏ గడిలో ఏం వేయాలో తెలియక కూర్చుండిపోతాను. అయినా అడుగుతాను. ఆ అడిగేది నేనే మొదటిదాన్నని వాళ్ళ ముఖాలు చూస్తే ఒక్కోసారి తెలిసిపోతుంది.