పంచాయితీకి పిలుపు

నిఘంటువు తీసి చూస్తే పంచాయతి అంటే గ్రామాన్ని పాలించే సభ అని ఉంటుంది. కుళాయిలు, వీధిదీపాలు, ఇళ్ళ స్థలాలు చూసుకునే సంస్థ అన్నమాట. మా అమ్మకు ఆ అర్థం ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒక్కటే అర్థం, తగవు. ఫలానావాళ్ళకు పంచాయితీ పెట్టినారు అంటే నలుగురిలో నిలబెట్టి పరువు తీశారని. బొమ్మనహళ్ళిలో ఆ పాలక సభకు రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. దాన్ని మేం చావిడి అనేవాళ్ళం. మా లెక్కన చావిడి వేరు, పంచాయితీ వేరు. ఆ తెలివితక్కువతనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అమ్మ చూసిన పంచాయితీ ఒక్కటే. నాన్న పోయిన మూడో నెలలో, చింతామణి దగ్గర ఆయన సొంతూళ్ళో, ఆయన అన్నదమ్ములు పెట్టించారు. నాన్న వాటా పొలం అమ్మకు దక్కకూడదని వాళ్ళ పంతం. నాకప్పుడు ఆరేళ్ళు. అరుగు మీద పెద్దమనుషులు, కింద మట్టిలో అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను. ఒకాయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ మా పెదనాన్నను అడిగాడు. "ఈ బిడ్డ మీ తమ్మునికే పుట్టిందని నమ్మకం ఉండాదా అప్పా?"

పెదనాన్న తల వంచుకుని ఊరుకున్నాడు. నన్ను భుజాలకెత్తుకుని ఊరంతా తిప్పిన మనిషే. అమ్మ లేచింది. నన్ను చంకనేసుకుని బస్సు దాకా నడిచింది. బస్సు కదిలాక, "ఇంక నా పానం పోయినా పంచాయితీకి పోను పాపా" అంది.

బెంగళూరు వచ్చి బొమ్మనహళ్ళిలో ఒక వఠారంలో చేరాం. ఒకే వరసలో పది ఇళ్ళు, అందులో మాదొక గది. అమ్మ హోసూరు రోడ్డు మీది బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టేది. ఆమెకున్న కోరిక ఒక్కటే, సొంత గోడలు. ఇంటి ఓనరమ్మ గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. నాన్న ఫోటోను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకున్నాం. ఒకసారి ఎవరో వచ్చి, సొంతిల్లు లేనివాళ్ళెవరని అడిగి, కాగితం మీద అమ్మ వేలిముద్ర తీసుకుపోయారు. రేషను కార్డు కోసమేమో అనుకుని మేం మరిచిపోయాం.

నన్ను కన్నడ బడిలో వేశారు. కన్నడంలో క్లాసుకు నేనే మొదటిదాన్ని. ఆ పొగరు ఇంతా అంతా కాదు. వఠారంలో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా చదవడానికి నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను గొంతు సవరించుకుని చదువుతుంటే అమ్మ గడపలో నిలబడి మురిసిపోయేది.

ఎనిమిదో తరగతిలో ఉండగా, డెబ్బయిల చివర్లో, మేం ఇంట్లో లేనప్పుడు ఎవరో తలుపు సందులోంచి ఒక చీటీ వేసి పోయారు. అంతా కన్నడం. పైన అమ్మ పేరు. మొదటి వరసలో 'నివేశనద విషయవాగి' అని ఉంది. విషయం అంటే తెలుసు. నివేశన అంటే తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు నామోషీ. ఆ వరస దాటేసి మిగతాది చదివి చెప్పాను. వచ్చే గురువారం పదకొండు గంటలకు పంచాయతి సభకు హాజరు కావాలి. రాకపోతే హక్కు ఉండదు.

అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పంచాయితీకా? మీ పెదనాయన వాళ్ళు ఇక్కడికీ వచ్చినారా? ఏం హక్కంట పాపా? నీ మీద నాకుండే హక్కా?"

నేనేం చెప్పాను? "అట్లనే ఉండాది" అన్నాను.

గురువారం అమ్మ పనికి పోలేదు. నన్ను బడికి పంపలేదు. బడి దగ్గర పట్టుకుపోతారేమోనని భయం. లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. "అమ్మా, ఉండావా? పంచాయితీ నుంచి వచ్చిండాను. అందరూ వచ్చినారు, నువ్వొక్కదానివే రాలేదు." అమ్మ నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆయన మూడుసార్లు తట్టాడు, కాసేపు నిలబడ్డాడు, పోయాడు. పాపం, ఎండలో మా మేలు కోరి వచ్చిన మనిషి.

సాయంత్రం చివరింటి ఆమె చేతిలో బెల్లంముక్కతో వచ్చింది. దిష్టి తగులుతుందని తనకొచ్చిన చీటీ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. "అక్కా, ఏంటికి రాలేదు? నీ పేరు ఎన్నిసార్లు పిల్చినారో. నాకు స్థలం పత్రం ఇచ్చినారు. నీదీ నాదీ పక్కపక్కనే పడింటాది."

"ఏం స్థలం?" అంది అమ్మ.

"ఇంటిస్థలం అక్కా. ఇల్లు లేనోళ్ళకు పంచాయితీవాళ్ళు ఇస్తాండారు గదా."

అమ్మ నా వైపు తిరిగింది. "పాపా, ఆ చీటీలో ఇంటిస్థలమని ఉండాదా?" నేను దాటేసిన వరస ఏమిటో నాకు అప్పుడు తెలిసిపోయింది. "లేదు" అన్నాను. పచ్చి అబద్ధం.

మరునాడు పొద్దున్నే అమ్మ ఆ చీటీ పట్టుకుని, యూనిఫారంలో ఉన్న నన్ను వెంటబెట్టుకుని, స్థలాలిచ్చింది అక్కడేనని చివరింటి ఆమె చెప్పగా, చావిడికి పోయింది. లోపల బల్ల చుట్టూ సభ్యులు ఐదారుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఎదుట నిలబడటానికి అమ్మ ఎంత అవస్థ పడిందో నేను చూశాను. రెండు చేతులూ బల్ల అంచుకు ఆనించింది. సెక్రటరీ మా మాట విని తెలుగులోకి దిగాడు. చీటీ తీసుకుని వేలు పెట్టి చూపించాడు.

"మొదటి వరసలోనే నివేశన అని రాసిండాము గదమ్మా. నివేశన అంటే ఇంటిస్థలం. నువ్వు రాలేదని వేరేవాళ్ళకు రాసేసినారు. ఇంక మళ్ళీ పేర్ల పట్టీ వేసినప్పుడే." ఆ మళ్ళీ మాకు రానేలేదు. అది తర్వాతి సంగతి. ఆయన చీటీ తిరిగి ఇస్తూ, "ఇంట్లో చదువొచ్చినోళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరి కళ్ళూ నా మీద, నా పుస్తకాల సంచి మీద పడ్డాయి. "ఈ బిడ్డ బడికి పోతాండాది గదా?"

అమ్మ నా వైపు చూడలేదు. నన్ను తన వెనక్కి జరుపుకుంది.

"దీనికి నేను చూపించనే లేదప్పా" అంది. "తప్పు నాదే."

చీటీ చదివింది నేనేనని అక్కడ నోరు విప్పి చెప్పలేదు. ఆ తర్వాత పదేళ్ళకు అద్దె గదిలోనే అమ్మ కన్నుమూసింది. ఆ వరస తెలియక దాటేశానని అప్పటిదాకా ఆమెకు కూడా చెప్పలేదు.