తాండూరుకు హైడ్రోజన్ సీసాతో

మెదడు జబ్బు మీద హైడ్రోజన్ పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పాలని నన్ను తాండూరుకు ప్రత్యేకంగా పిలిపించారు. అందుకే ఉదయం తొమ్మిదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీట నొక్కితే బుడగలు లేచే సీసా పట్టుకుని వికారాబాదులో రైలెక్కాను. టికెట్టు ఖర్చు ఒక ఛాయ్, సమోసా ఖరీదంతే.

ఎదురు సీట్లో యాలాల్ అనే ఊరి రైతు ఒకాయన సీసా చూసి, "గదేం సోడా తాతా?" అన్నాడు.

"హైడ్రోజన్ నీళ్లు. మెదడుల అమిలాయిడ్ అని ఒక ప్రోటీను పేరుకుపోతే మనిషి అన్నీ మరుస్తడు. గిది దాన్ని కడిగేస్తది."

"జాతరల పిల్లలకు అమ్మే గాలిబుగ్గలల్ల నింపేది గదే గదా. తాగినంక పైకి లేస్తవేమో, ఫ్యాను పైలం."

బోగీ అంతా నవ్వింది, నేనూ నవ్వాను.

"ఇంతకు ఎవలకన్న తగ్గిందా?"

"ఎలుకలకు."

"ఎలుకలు ఏం మరుస్తయి తాతా?"

సీసా సంచిలో పెట్టేశాను. మీకు మాత్రం నిజం చెప్పేస్తాను. నన్ను పిలిచింది మా అక్క. పిలవడం కాదు, తిట్టింది. ప్రయోగశాల ఎలుకల్లో కొంత మేలు కనిపించిందనీ, మనుషుల సంగతి ఇంకా తేలలేదనీ పేపర్లో చదివి, ఫోనులో మొదటి సగమే చెప్పాను. అక్క స్పీకరు పెట్టింది. అల్జీమర్స్‌తో పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచే మా బావ ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. ఇక హైడ్రోజన్ నీళ్లు చాలంటూ డాక్టరిచ్చిన మందు గోలీలు ఉమ్మేస్తున్నాడు. "నువ్వే అన్నవు, నువ్వే వచ్చి కాదను" అంది అక్క.

పదిన్నరకు తాండూరులో దిగి ఆటో ఎక్కాను. దారిలో నాపరాళ్ల పాలిష్ మిల్లుల దుమ్ముకు, అక్క ఇల్లు చేరేసరికి చొక్కా రంగు మారింది. అరుగు మీద బావ, "ఎవరు కావాలె?" అన్నాడు మర్యాదగా.

జొన్నరొట్టె తింటూ బతిమిలాడాను. తిన్నాక కూడా బతిమిలాడాను. "ఎక్కువ చేసి చెప్పిన బావా, గవి ఎలుకల ముచ్చట్లు. డాక్టరు ఇచ్చిన గోలీ ఆపొద్దు" అంటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. చివరికి బావ గోలీ వేసుకున్నాడు, నా సీసా నీళ్లతోనే.

నాలుగింటి రైలుకు నన్ను ఎక్కించడానికి అక్కా బావా ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. ఇంత హాయైన ప్రయాణం ఈ మధ్య చేయలేదు. కిటికీ ఊచలకు ముఖం ఆనించి, "చూసినవా అక్కా, బామ్మర్ది మాట బావ తీసేయలేదు" అన్నాను.

"బామ్మర్దివని ఆయనకేం తెల్సు? 'ఎవలో పెద్దమనిషి పాపం ఏడుస్తున్నడు, వేస్కుంటే ఇంటికి పోతడు' అని నా చెవుల చెప్పి వేస్కున్నడు. రేపు గూడ రా తమ్మీ. రేపు నువ్వు మల్ల కొత్తోనివే."