క్రేన్ ఆపరేటర్ ఎడమ చెవి

కరోనా సద్దుమణిగి ఫ్యాక్టరీలు మళ్ళీ మూడు షిఫ్టులకు వచ్చిన ఏడాది, జూన్‌లో, జహీరాబాద్ దగ్గర ఒక భారీ ఇనుప నిర్మాణాల కర్మాగారంలో వైద్యాధికారిగా చేరాను. అంతకుముందు కోస్తాలో ఎరువుల ఫ్యాక్టరీలో చేసిన ఉద్యోగమే ఇదీను, ఊరు మాత్రం కొత్త. మాది తెనాలి వైపు. ఇక్కడి కార్మికుల్లో ఎక్కువమంది న్యాల్‌కల్, కోహీర్ మండలాల వాళ్ళు. వాళ్ళ మాట నా చెవికి త్వరగానే పట్టుబడింది. నా మాటకు వాళ్ళు అలవాటు పడడానికే కాస్త టైము పట్టింది.

ఫ్యాక్టరీ డాక్టరమ్మ అంటే తెగిన వేళ్ళకు కట్టు కట్టే మనిషని బయటివాళ్ళు అనుకుంటారు. కట్లు కట్టడానికి నర్సులు ఉంటారు. నా అసలు పని సంతకం. ఎత్తు మీద పనిచేసేవాళ్ళను, క్రేన్లు, ఫోర్క్‌లిఫ్టులు నడిపేవాళ్ళను ఏటా పరీక్షించి, ఫిట్, అన్‌ఫిట్, తాత్కాలికంగా అన్‌ఫిట్ అని మూడింటిలో ఒకటి రాయాలి. ఫ్యాక్టరీలో నాకంటే పెద్ద హోదా వాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఆ ఒక్క మాట మార్చే అధికారం జనరల్ మేనేజర్‌కు కూడా లేదు. అందుకని అందరూ నాతో మర్యాదగానే ఉండేవాళ్ళు.

ఆ ఏటా చేసే పరీక్షల్లో వినికిడి పరీక్ష ఒకటి. మనిషిని చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, సన్నటి కూతల నుంచి మంద్రమైన హోరు దాకా రకరకాల ధ్వనులు వినిపిస్తాం. ఏ ధ్వనిని ఎంత చిన్నగా ఉన్నప్పుడు విన్నాడో గ్రాఫు మీద గుర్తు పెడతాం. ఏళ్ళ తరబడి యంత్రాల రొదలో ఉన్న చెవి ముందుగా సన్నటి కూతలను పోగొట్టుకుంటుంది, గ్రాఫు ఆ చివర దిగజారుతుంది. నలభై దాటిన కార్మికుల గ్రాఫులన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. కొన్నాళ్ళకు ఆ దిగుడు లోతును బట్టి మనిషి ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, పనిచేస్తాడో చెప్పేదాన్ని, మా టెక్నీషియన్ శ్రీలత నవ్వేది.

సంగమేశ్ గ్రాఫు ఆ అచ్చులోది కాదు. అతను ఫ్యాబ్రికేషన్ షాపులో క్రేన్ ఆపరేటర్, న్యాల్‌కల్ వైపు ఊరు, నలభై అయిదు దాటిన మనిషి. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద తిరిగే పెద్ద క్రేన్‌కు వేలాడే కేబిన్‌లో అతని కుర్చీ. కుడి చెవి గ్రాఫు మామూలే. ఎడమ చెవిది మాత్రం తిరగబడి ఉంది. సన్నటి కూతలు బాగానే విన్నాడు, మంద్రమైన ధ్వనులే వినలేదు. శ్రీలత హెడ్‌ఫోన్ మార్చి చూసింది, తేడా లేదు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ పిలిపించి పరీక్ష చేస్తే ఎడమ చెవి దాదాపు మామూలుగా ఉంది. మొదటిసారి మెషీన్ తప్పు చూపించిందని శ్రీలత తేల్చేసింది.

నేను తేల్చుకోలేకపోయాను. రొదకు పాడైన చెవి తిరిగి బాగుపడదు. తగ్గి, మళ్ళీ వచ్చే వినికిడి అంటే కథ వేరు, అలాంటి చెవి జబ్బుల్లో తల కూడా తిరగవచ్చు. కళ్ళు తిరుగుతాయా అని అడిగాను. లేదు మేడం అన్నాడు. నేను అడగడం పూర్తి కాకముందే అన్నాడు. నాలో ఆరా తీసే బుద్ధి ఒకటి ఉంది. మా ఇంట్లో దాన్ని పోలీసు బుద్ధి అంటారు. మర్నాటి నుంచి తనిఖీ వంకతో ఫ్యాబ్రికేషన్ షాపుకు వెళ్ళి నిలబడడం మొదలుపెట్టాను.

క్రేన్ పని ఇద్దరి పని. పైన ఆపరేటర్, కింద సిగ్నల్‌మన్. రొదలో మాట వినబడదు కనుక కింది మనిషి చేతి సైగలతో లోడ్ ఎత్తిస్తాడు, నడిపిస్తాడు, దింపిస్తాడు. పై మనిషి సైరన్‌తో జవాబిస్తాడు. ఏ సైగకు ఏమిటి అర్థం, ఏ సైరన్‌కు ఏమిటి అర్థం అన్నది గోడ మీద చార్టులో ఉంటుంది. సంగమేశ్‌కు సిగ్నల్‌మన్ యాదయ్య, కోహీర్ మనిషి, చాలా ఏళ్ళ జోడీ. ఒక పూట నేను చూస్తుండగా, పెద్ద ఇనుప దూలం ఒకటి గాలిలో ఉండగానే పైనుంచి రెండు పొట్టి సైరన్లు వినిపించాయి. యాదయ్య ఈల ఊది కింద ఉన్నవాళ్ళందరినీ పక్కకు పంపేశాడు. దూలం ఎక్కడిదక్కడే మెల్లగా దిగి చెక్క దిమ్మల మీద కూర్చుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. పైన కేబిన్ కిటికీలో తల కనిపించలేదు.

ఆ రెండు పొట్టి సైరన్లు చార్టులో లేవు. ఏమిటవి అని యాదయ్యను అడిగాను. చార్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది మా ఇద్దరి సిగ్నల్ మేడం" అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ నా గదికి వచ్చారు. సంగమేశ్ ఇక దాచలేదు. ఏడాది పైనుంచీ ఉందట. ముందు ఎడమ చెవిలో నీళ్ళు పోయినట్టు బరువెక్కుతుంది. తర్వాత లోపల హోరు. ఆ తర్వాత కేబిన్, పైకప్పు, లోకం అన్నీ గిర్రున తిరుగుతాయి, వాంతి అవుతుంది. చెవి బరువెక్కడానికీ లోకం తిరగడానికీ మధ్య లోడ్ దింపేంత వ్యవధి ఉంటుంది. దింపి, కేబిన్ నేల మీద కళ్ళు మూసుకుని పడుకుంటాడు, కింద యాదయ్య కాపలా. కిందటేడు వినికిడి పరీక్షకు కూడా చెవి తేలిగ్గా ఉన్న రోజు చూసుకుని, వేరేవాళ్ళతో వంతు మార్చుకుని వచ్చాడట. ఈ ఏడాది నేను ఎవరినీ వంతులు మార్చుకోనివ్వలేదు. అలా దొరికాడు.

"నా చెవి ముందుగాల చెప్తది మేడం. చెప్పినంక ఒక్కనాడు గూడ లోడ్ గాల్ల ఉంచలే" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. టన్నుల ఇనుము మనుషుల నెత్తి మీద వేలాడదీసి చెవి మాట నమ్ముకుంటారా అని ఇద్దరినీ గట్టిగానే మందలించాను. లోపల మాత్రం, నిజం చెప్పాలంటే, వాళ్ళ ఏర్పాటు నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ రోజే తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాసి సంగమేశ్‌ను టూల్ స్టోరుకు పంపాను. ఎన్నాళ్ళు అని అడిగాడు. తెలియదన్నాను. క్రేన్ లేకపోతే నేను స్టోర్‌ల పానాలు, సుత్తెలు ఇచ్చుకుంట కూసోవాల్నా అని యాదయ్యతో అంటూ వెళ్ళాడు.

అప్పటిదాకా అతను చూపించుకోలేదని కాదు. ఊళ్ళో ఒకాయన గ్యాస్ అని మాత్రలిచ్చాడు. ఇంకొకాయన మెడ ఎముక అరిగిందని పట్టీ కట్టించాడు. ఇంట్లో తూలుతూ నడిస్తే కల్లు తాగి వచ్చాడనుకుని భార్య నాగమణి రెండు రోజులు మాట్లాడలేదట. నేను హైదరాబాద్‌లో చెవి వైద్యుడి దగ్గరకు ఉత్తరం ఇచ్చి పంపాను. మెనియర్స్ వ్యాధి అని నిర్ధారించారు. లోపలి చెవిలో వినికిడికీ, ఒంటి నిలకడకూ పనికొచ్చే ద్రవం ఉంటుంది. ఆ ద్రవం ఎక్కువై ఒత్తిడి పెరిగినప్పుడల్లా ఈ దాడి వస్తుందంటారు. ఎందుకు పెరుగుతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పూర్తిగా పోగొట్టే మందు లేదు, అదుపులో పెట్టే దారులే ఉన్నాయి.

మొదటి దారి ఉప్పు తగ్గించడం, మాత్రలు. నాగమణి పచ్చళ్ళు అటక ఎక్కించి, పప్పులో ఉప్పు సగం చేసింది. ఇక్కడ మేమేమో ఎండాకాలమని షాపుల్లో గ్లాసులకు గ్లాసులు ఉప్పు మజ్జిగ పోయిస్తున్నాం. అది తెలిశాక అతనికి చప్పటి మజ్జిగ వేరే పెట్టించాను. కొన్ని నెలలకు దాడులు తగ్గాయి గాని ఆగలేదు.

అప్పుడు చెవి వైద్యుడు రెండు ఇంజెక్షన్ల సంగతి చెప్పారు. రెండూ కర్ణభేరి గుండా చెవి లోపలికి ఇచ్చేవే. ఒకటి స్టెరాయిడ్. వినికిడికి పెద్దగా ముప్పు లేదు, పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. రెండోది జెంటామైసిన్. అది ఆ చెవిలో నిలకడ చూసే భాగాన్నే మొద్దుబారుస్తుంది. తిరుగుడు చాలామందికి ఆగుతుంది, కాని ఆ చెవి వినికిడి పోవచ్చు, పోయింది తిరిగి రాదు. రేపు రెండో చెవికి కూడా ఈ జబ్బు వస్తే కష్టం. సంగమేశ్‌కు వెంటనే రెండోదే కావాలి. చెవి పోతే పోనీ, క్రేన్ ఎక్కితే చాలు.

నాగమణి ఒక్కతే బస్సెక్కి నా దగ్గరకు వచ్చింది. నీళ్ళు ఇస్తే తాగి, "క్రేన్ కోసం చెవి ఇచ్చేస్తనంటుండు. క్రేన్ ఇంక పదేండ్లుంటదేమో. ఇంట్ల ఆయనతోని మాట్లాడేది నేనే గద మేడం" అంది.

ఆమె వెళ్ళాక నాకు ఇంకో సందేహం పట్టుకుంది. ఇంతకాలం ఇతన్నీ, కింద ఉన్నవాళ్ళనూ కాపాడింది ఆ చెవి బరువు. వైద్యంతో తిరుగుడు తగ్గి, దానితో పాటు ఆ ముందస్తు కబురు కూడా పోతే? చెవి వైద్యుడికి ఫోన్ చేశాను. అలా జరగదని చెప్పలేనన్నారు ఆయన. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఈ మాట కూడా చెప్పాను. సంగమేశ్ దాన్ని ఆలోచించి ఉండలేదు. ముందు స్టెరాయిడ్ చూద్దామని వాళ్ళే అనుకున్నారు. వెనక్కి రాలేని దారి చివరకు ఉంచుకోవడం నాకూ మంచిదనిపించింది.

ఇంజెక్షన్ల తర్వాత దాడులు ఆగిపోయాయి. నెలలు గడిచాయి, గ్రాఫు నిలకడగా ఉంది. బదులు వచ్చిన ఆపరేటర్ చేయి తిరగక షాపు మేనేజర్ రోజూ నాకు ఫోన్లు. దాడి లేకుండా తగినంత కాలం గడిస్తే మళ్ళీ పరీక్షించవచ్చన్నది మా పద్ధతి. అదుపులో ఉందని హైదరాబాద్ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిట్ అని రాయడానికే సిద్ధపడి అతన్ని పిలిపించాను. బయట వరండాలో యాదయ్య, పని హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఇంజెక్షన్ల తర్వాత ఎప్పుడైనా వచ్చిందా అని, పద్ధతి ప్రకారం అడగవలసిన ప్రశ్న అడిగాను. ఈసారి జవాబు వెంటనే రాలేదు.

"మొన్న చిరాగ్‌పల్లి కాడ బండి ఆపి చాయ్ తాగుతున్న. గిలాస పట్టుకున్న చెయ్యి పక్కకు పోయింది. లోకం ఒక్కసారి తిరిగి ఆగింది. జర సేపే మేడం, చాయ్‌వాలకు గూడ తెల్వలే. చెవి చెప్పలే. బరువు లేదు, హోరు లేదు. చెవి నాకు చెప్పకుంటే నేను యాదయ్యకు ఎట్ల చెప్పాలె?"

ఆ సంగతి అతను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు. కేబిన్ క్రేన్‌కు శాశ్వతంగా అన్‌ఫిట్, నేల మీద పనికి ఫిట్ అని రాశాను. చదివి, ముట్టినట్టు సంతకం పెట్టాడు. వరండాలో యాదయ్య ఎదురొచ్చాడు. ఇద్దరూ కలిసి క్యాంటీన్ వైపు నడిచారు.

తర్వాత సంగమేశ్ కొత్త సిగ్నల్‌మన్లకు, ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చే పనిలో కుదిరాడు. మోటార్‌సైకిల్ మానేసి కంపెనీ బస్సులో వచ్చేవాడు. ఎడమ చెవి వినికిడి నేను రిటైరయ్యే నాటికి నిలిచే ఉంది. నేను భద్రతా కమిటీలో ప్రతిపాదిస్తే రెండు పొట్టి సైరన్లు కూడా గోడ మీది చార్టుకెక్కాయి: ఆపరేటర్‌కు బాగాలేదు, కింద ఖాళీ చేయండి.

ఈ ఉదంతం తర్వాత నా పరీక్షలో ఒక ప్రశ్న మార్చుకున్నాను. కళ్ళు తిరుగుతాయా అని అడగడం మానేశాను. దానికి అందరూ లేదనే అంటారు. కళ్ళు తిరిగినప్పుడు ఏం చేస్తారు అని అడగడం మొదలుపెట్టాను. దానికి చాలామంది జవాబు చెప్పారు.